కర్రీలా ఆడాలని రోజూ 8 కిలోమీటర్ల పరుగు.. మోకాళ్లేమో నొప్పి!

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. ఈ ఏడాది బాగా పొడవు పెరిగాడు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ అంటే పిచ్చి. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాళ్లు ఇలాగే సాధన చేస్తారంటూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి రోడ్డు మీద 8 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. తర్వాత కాళ్లకు బరువులు కట్టుకుని 200 సార్లు గెంతుతాడు. సాయంత్రం మళ్లీ రెండు గంటల ఆట. నెల రోజులుగా రెండు మోకాళ్ల కింద నొప్పి అంటున్నాడు. ఆట మాన్పించాలా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆట పూర్తిగా మాన్పించనక్కర్లేదు. కాళ్లకు కట్టుకుంటున్న ఆ బరువులు మాత్రం ఈరోజే తీసి అటకెక్కించండి.

ముందు నొప్పి సంగతి. బాబును కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింది నుంచి బొటనవేలితో మెల్లగా నొక్కుతూ కిందికి రండి. కొద్ది దూరంలోనే, కాలి ఎముక మొదట్లో చిన్న ఎత్తు తగులుతుంది. అక్కడ నొక్కగానే ‘అబ్బా’ అని కాలు లాక్కుంటే అది చాలావరకు ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్యే. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం ఒక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) ద్వారా సరిగ్గా అక్కడే ఎముకను పట్టుకుని ఉంటుంది. ఎదిగే వయసులో ఆ చోటు ఇంకా లేతగా ఉంటుంది. గెంతిన ప్రతిసారీ కండరం దాన్ని లాగుతుంది. పేరు భయపెడుతుంది గానీ, ఎదుగుదల పూర్తయ్యాక సాధారణంగా నొప్పి పోతుంది. కొందరికి బొడిపె మాత్రం మిగులుతుంది. నొప్పి చిప్ప అంచునే ఉంటే టెండన్ అలసిందని అర్థం. రెండింటికీ మూలం మితిమీరిన గెంతులే.

ఇక ఎన్‌బీఏ ఆటగాళ్ల విషయం. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు. బంతి చిక్కిన జట్టు 24 సెకన్లలోపు దాన్ని బుట్ట వైపు విసరాలి. అంటే ఇది దూరాన్ని ఓర్చుకునే ఆట కాదు. ఉరకడం, ఆగడం, తిరగడం, ఊపిరి తీసుకుని మళ్లీ ఉరకడం. అందుకే వాళ్ల దమ్ము సాధన కూడా చిన్న చిన్న ఉరుకుల్లోనే ఎక్కువగా సాగుతుంది. సీజన్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడాలి కాబట్టి కఠినమైన కసరత్తులో చాలా భాగం వేసవి విరామంలోనే ముగిస్తారు. మ్యాచ్‌ల మధ్య కాళ్లను కాపాడుకోవడమే పెద్ద పని. వీడియోల్లో చెమట కనిపిస్తుంది, విశ్రాంతి కనిపించదు.

కర్రీనే తీసుకోండి. 2011లో ఒకసారి, 2012లో మరోసారి అతని కుడి చీలమండకు శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత శిక్షకులు అతని తుంటి కండరాలకు బలం పెంచే పని పెట్టారు. తుంటి మోయాల్సిన భారం చీలమండ మీద పడకూడదని. మోకాలికీ ఇదే వర్తిస్తుంది. మీ అబ్బాయికి గెంతుల బదులు తుంటి, తొడ వెనుక కండరాల వ్యాయామాలు కావాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోమనండి. (మన బడి గుంజిళ్లు మాత్రం ఇప్పుడు వద్దు.)

హైస్కూల్లో ఉన్నప్పుడు కర్రీ బంతిని నడుము దగ్గర నుంచి విసిరేవాడు. ఒక వేసవంతా తండ్రి డెల్ కర్రీ దగ్గరుండి ఆ పద్ధతి మార్పించారు. చాలా వారాలు బుట్ట దగ్గర్లోనే వేస్తూ గడిపాడు. ఇప్పటికీ మ్యాచ్‌కు ముందు రెండు చేతులతో రెండు బంతులను డ్రిబ్లింగ్ చేస్తూ (నేలకు కొట్టి ఆడిస్తూ) కనిపిస్తాడు. ఇందులో మోకాలికి పెద్ద పనేమీ లేదు, గమనించండి. కాబట్టి వచ్చే నాలుగైదు వారాలు పరుగు, గెంతులు ఆపి, నిలబడి రెండు బంతుల డ్రిబ్లింగ్, గెంతకుండా ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే విసుర్లు) చేయనివ్వండి. ఆట తర్వాత పదిహేను నిమిషాలు ఐసు పెట్టండి. మర్నాడు ఉదయానికి నొప్పి లేకపోతే ఆ మోతాదు సరిపోయినట్టే. ఉంటే తగ్గించాలి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి తప్పనిసరి.

నాలుగున్నర అలారం కూడా తీసేయండి. 2011లో ప్రచురితమైన స్టాన్‌ఫోర్డ్ అధ్యయనంలో 11 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రోజూ పది గంటలు మంచం మీద ఉండమన్నారు. వాళ్ల ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగుపడ్డాయి, పరుగు వేగమూ పెరిగింది. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

మోకాలు వాచినా, మడత పడి పట్టేసినా, రాత్రి నొప్పితో మెలకువ వచ్చినా, కుంటుతున్నా ఆగకుండా ఎముకల వైద్యుడికి చూపించండి. ముఖ్యంగా కుంటుతుంటే తుంటిని కూడా పరీక్షించమని అడగండి. పిల్లల్లో తుంటి జబ్బు ఒక్కోసారి మోకాలి నొప్పిలాగే బయటపడుతుంది.