అల్పాకాల సంగతి తర్వాత, ముందు చిటుక రోగం టీకా వేయించండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. 60 నెల్లూరు గొర్రెలున్నాయి. ఇంట్లో ఆడవాళ్లకు అల్లికలు బాగా వచ్చు. గొర్రెలు అమ్మేసి నాలుగు అల్పాకాలు (ఉన్ని కోసం పెంచే, ఒంటె జాతికి చెందిన దక్షిణ అమెరికా జీవాలు) కొని, వాటి ఉన్నితో శాలువాలు, టోపీలు చేసి అమ్ముదామనుకుంటున్నాం. తెప్పించి ఇస్తానని ఒక వ్యాపారి అడ్వాన్సు అడుగుతున్నాడు. గొర్రెల మీద విసుగెందుకంటే, వానలు పడ్డాక ఏడు గొర్రె పిల్లలు పోయాయి. సాయంత్రం దాకా బాగా మేసినవి పొద్దున చూస్తే చచ్చి పడుంటున్నాయి. పొట్ట పురుగులని మందుల షాపతను చెబితే మూడుసార్లు మందు తాగించాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ పిల్లల్ని చంపుతున్నది పురుగులు కాదు. పురుగులు పట్టిన జీవం మామూలుగా వారాల తరబడి చిక్కిపోతుంది, కనురెప్ప లోపలి భాగం పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. పోయినవన్నీ మందలో పుష్టిగా ఉన్నవేనా? తల వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుంటూ పోయాయా? అయితే అది చిటుక రోగమే. వానకు మొలిచిన లేత పచ్చికను ఒక్కసారిగా కడుపునిండా మేస్తే పేగుల్లో ఉండే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. లక్షణాలు కనిపించాక చికిత్సకు వ్యవధి ఉండదు. టీకా ఒక్కటే దారి.

మందలోని ఆరోగ్యమైన జీవాలన్నిటికీ వెంటనే వేయించండి. మోతాదు సాధారణంగా 2.5 మి.లీ., చర్మం కింద. సీసా మీద వేరేగా ఉంటే దాని ప్రకారమే. 14 రోజులకు మళ్లీ అంతే మోతాదు. రెండోది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత టీకా పనిచేయలేదని మా మీదికి వస్తారు. ఇకమీదట ఏటా వానలకు ముందే, మే–జూన్‌లో వేయించాలి. చూడి గొర్రెలకు ఈనడానికి నెల ముందు వేయిస్తే జున్నుపాలతో పిల్లలకూ రక్షణ అందుతుంది. టీకాను ఐసు డబ్బాలోనే తేవాలి. చొక్కా జేబులో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే.

టీకా పట్టడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. అందాకా పొద్దున్నే మందను తోలకండి. ముందు వేరుశనగ కట్టె గానీ జొన్న చొప్ప గానీ పెట్టి, మంచు ఆరాక రెండు మూడు గంటలే మేపండి. గింజల దాణా ఆపండి. ఇంకో పిల్ల చనిపోతే మీరు కోయకుండా 1962కు ఫోన్ చేయండి, డాక్టరే కోసి చూస్తారు. ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అప్పుడు ఎవరూ కోయకూడదు, తోలు తీయకూడదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

మూడుసార్లు మందు తాగించారన్న మాట నన్ను బాగా బాధపెట్టింది. జీవాల బరువు చూశారా? పేడ పరీక్ష చేయించారా? అవసరం లేకుండా, అందాజుగా తాగిస్తూ పోతే మందుకు లొంగని పురుగులే మీ మందలో మిగులుతాయి. రేపు నిజంగా పురుగులు పడితే ఆ మందు పనిచేయదు. షాపతను సీసా అమ్ముకుంటాడు, మీ పిల్లల చావుకు అతను జవాబుదారీ కాడు. ఐదారు గొర్రెల తాజా పేడ పశువైద్యశాలకు పంపండి. ఫలితం చూడకుండా ఇక ఒక్క చుక్క కూడా తాగించొద్దు.

ఇక అల్పాకాలు. పెరూ, బొలీవియా ఆండీస్ కొండల్లో, సముద్రమట్టానికి 3,500 మీటర్ల పైన బతికే జీవాలవి. వాటిని పెంచేవాళ్లు ఒక లెక్క చూస్తారు: ఫారన్‌హీట్‌లో ఎండ, గాలిలో తేమ శాతం కలిపితే 150 దాటితే ప్రమాదం, 180కి చేరితే ప్రాణాపాయం. మన మేలో 42 డిగ్రీలంటే ఫారన్‌హీట్‌లో దాదాపు 108. తేమ 50 ఉన్నా మొత్తం 158. అక్టోబరులో ఎండ తగ్గినా తేమ దాన్ని పూడుస్తుంది. పదకొండు నెలలు పైన మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. ఉన్ని ఏడాదికి ఒక్కసారే కత్తిరిస్తారు, జంతువుకు రెండు మూడు కిలోలు. నాలుగింటితో ఇల్లు గడవదు. విదేశీ జీవాల దిగుమతికి కేంద్ర ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ తప్పనిసరి. ఆ కాగితాలు చూపకుండా అడ్వాన్సు అడిగేవాడికి రూపాయి ఇవ్వకండి. ఇంకో సంగతి, ఈ క్లాస్ట్రిడియం అల్పాకాలనూ వదలదు. అక్కడి రైతులు వాటికీ టీకా వేయిస్తారు.

ఇంటివాళ్ల చేతిపనిని మాత్రం వదలొద్దు. నెల్లూరు గొర్రెకు, పల్ల రకమైనా జోడిపి రకమైనా డోర రకమైనా, ఒంటి మీద పొట్టి వెంట్రుకే తప్ప వడకడానికి ఉన్ని ఉండదు. అనంతపురం వైపు దక్కనీ గొర్రెల ఉన్ని దొరుకుతుంది. అది గరుకు, శాలువాలకు పనికిరాదు, ఆసనాలకూ సంచులకూ బాగుంటుంది. అల్పాకా నూలే కావాలంటే ఆన్‌లైన్‌లో ఉండలుగా అమ్ముతున్నారు. ఒక కిలో తెప్పించి పది టోపీలు అల్లి, ఊటీ, బెంగళూరు లాంటి చలి ఊళ్లలో అమ్మి చూడండి. డబ్బు మిగిలితే నూలే మళ్లీ కొనండి. మందను మాత్రం అమ్మొద్దు. పొలంలో ఎరువు కోసం మంద కట్టినందుకు రైతులిచ్చే డబ్బు, పొట్టేళ్ల ధర రెండూ మీ చేతిలో ఉన్న ఆదాయం. ఈ వారంలోనే టీకా కోసం మీ రైతు సేవా కేంద్రంలో పేరు రాయించుకోండి.