మే నెలలో వారం రోజులు ఊరెళ్తే మిద్దె తోట ఏమవుతుంది? మా ఇంటి అనుభవం

ప్రశ్న: మాది నెల్లూరు. మిద్దె మీద 40 కుండీలున్నాయి. మే నెలలో పిల్లలతో వారం రోజులు ఎక్కడైనా ప్రశాంతంగా గడపాలని ఉంది, మరీ దూరం వద్దు. మొక్కలు ఎండిపోకుండా ఏం చేయాలి? ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నాకవి ఒక్కటిగానే కనబడుతున్నాయండి. మనసు మిద్దె మీదే ఉండిపోతే ఏ ఊరెళ్ళినా సెలవు సెలవులా ఉండదు. మాది ఒంగోలు. 60 దాకా కుండీలున్నాయి. మొదటిసారి వాటిని వదిలి వెళ్ళినప్పుడు సగం పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతే చెప్తాను.

ఎదురింట్లో ఇంటర్ చదివే అబ్బాయికి తాళం ఇచ్చి, రోజూ నీళ్ళు పోయమని చెప్పి వెళ్ళాం. పాపం ఒక్కరోజు కూడా మానలేదు. అయితే వాడు వచ్చేది మధ్యాహ్నం 12 గంటలకు. పొద్దుటి నుంచి ఎండలో పడి ఉన్న రబ్బరు పైపులో నిలిచిన నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్ళు మొదట పడేది మెట్ల తలుపు పక్కనే ఉన్న మిరప నారు, వంగ నారు మీద. రెండు రోజులకే అవి తలలు వాల్చేశాయి. నీళ్ళు చాల్లేదేమోనని వాడు ఇంకా పోశాడు. మేం తిరిగొచ్చేసరికి కుండీల్లో బురద, బురదలో ఎండు పుల్లలు. ఆ పిల్లాడి తప్పేమీ లేదు. ఉదయం 6 గంటల లోపే పోయాలనీ, పైపులో మొదటి నీళ్ళు బకెట్లోకి వదిలేయాలనీ నేను చెప్పి ఉండాల్సింది. చాలా రోజులు బాధపడ్డాను. ఆ మిరప నారు మా అమ్మ విత్తనం కట్టి ఇచ్చింది.

మరుసటి ఏడు ఉలవపాడు దగ్గర మా పిన్ని వాళ్ళ మామిడి తోటకు వెళ్ళాం. ఒంగోలు నుంచి చెన్నై వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద సింగరాయకొండ దాటాక వస్తుంది. 2022లో జిల్లాలు మారినప్పుడు ఉలవపాడు నెల్లూరు జిల్లాలో కలిసినా, మా నోటికి మాత్రం ప్రకాశం అనే వచ్చేది. మామిడి కాలంలో మీరు ఆ దారిన ఎప్పుడైనా పోయి ఉంటే రోడ్డు పక్కన బంగినపల్లి కుప్పలు చూసే ఉంటారు.

ఆ తోటలో కాపలా ఉండే తాత ఒకాయన ఉన్నాడు. కొత్తగా నాటిన మామిడి అంట్ల పక్కన ఒక్కో కుండ మెడ దాకా పాతి, మూతులకు మూకుళ్ళు పెట్టి ఉన్నాయి. ఎందుకు తాతా అంటే, "నీళ్ళు మొక్కకు పొయ్యకూడదమ్మా, నేలకు పొయ్యాల. నేల ఆరిపోకుండా చూసుకుంటే మొక్క దానంతటదే బతుకుద్ది" అన్నాడు. అప్పుడే నా మిరప నారు కళ్ళ ముందు కనబడింది. మేం మొక్కకు నీళ్ళు పోశాం గానీ నేల గురించి ఆలోచించనే లేదు.

కుండ చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. కాల్చిన మట్టిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. చుట్టూ మట్టి పొడిగా ఉంటే కుండలోని నీటిని అది లాక్కుంటుంది. తడిగా ఉంటే లాగడం తగ్గిపోతుంది. అంటే మొక్కకు కావలసినంతే అందుతుంది. పైనుంచి పోసిన నీళ్ళలో చాలా భాగం మే నెల ఎండకు ఆవిరవుతుంది, మిగిలింది కుండీ అడుగు రంధ్రం గుండా కారిపోతుంది. పాతిన కుండలో ఆ రెండు నష్టాలూ బాగా తగ్గుతాయి.

మిద్దె మీద పెద్ద కుండలకు చోటుండదు కాబట్టి నేను లీటరు పట్టే పిడతలు తెచ్చాను. నిమ్మ, కరివేపాకు, మల్లె, దానిమ్మ ఉన్న పెద్ద డ్రమ్ములకు రెండేసి, మామూలు కుండీలకు ఒక్కోటి. మొక్క మొదలుకు జానెడు దూరంలో పాతాలి. వేళ్ళు దట్టంగా అల్లుకున్న పాత కుండీల్లో తవ్వకండి, వేళ్ళు తెగితే ఎండాకాలంలో కోలుకోవడం కష్టం. అలాంటి వాటికి వత్తి పద్ధతి చేశాను. పాత నూలు పంచెను రెండు వేళ్ళ వెడల్పున చించి, మెలిపెట్టి, నీళ్ళలో బాగా నానబెట్టాలి. ఒక కొస మూతపెట్టిన బకెట్ అడుగు దాకా, రెండో కొస కుండీ మట్టిలో నాలుగు అంగుళాల లోతున ఉండాలి. బకెట్‌ను రెండు ఇటుకలెత్తి కుండీ కంటే పైన పెట్టండి. నూలు గుడ్డే వాడండి. నేను ఒకసారి పాలిస్టర్ చీర చించి పెట్టాను, చుక్క కూడా ఎక్కలేదు. బకెట్‌కు మూత మరవకండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ప్లాస్టిక్ సీసాకు చిల్లి పెట్టి తలకిందులుగా గుచ్చే పద్ధతి చాలామంది చెప్తారు. నా అనుభవంలో అది ఒక్క పూటకే ఖాళీ అవుతుంది.

కుండకంటే ముందు చేయాల్సింది మట్టిని కప్పడం. ఇది చేయకుండా ఇంకేం చేసినా సగమే. మా వైపు శెనక్కాయల పొట్టు మిల్లుల దగ్గర దొరుకుతుంది. వరిగడ్డి ముక్కలు గానీ, ఎండు ఆకులు గానీ ఉన్నా సరే. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, కాండం చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ వదిలేయాలి. ఆనించి పరిస్తే మొదలు కుళ్ళుతుంది. మొదటి ఏడాది కొంత కప్పి, కొంత కప్పకుండా చూశాను. సాయంత్రానికి కప్పని కుండీలో మట్టి నెర్రెలిచ్చింది. కప్పిన దాంట్లో వేలు గుచ్చితే లోపల ఇంకా చల్లగా తగిలింది.

ఇక చోటు. మిద్దె స్లాబు సాయంత్రం దాకా వేడిని కక్కుతూనే ఉంటుంది, నల్ల ప్లాస్టిక్ కుండీల్లో వేళ్ళు ఉడికిపోతాయి. వెళ్ళే ముందు అన్నిటినీ గోడకు తూర్పు వైపు నీడకో, నీళ్ళ ట్యాంకు కిందకో చేర్చి, ఇటుకల మీద ఒకదాన్నొకటి ఆనేలా గుంపుగా పెట్టండి. పైన 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్టు కట్టండి. దాన్ని గట్టిగా కట్టాలి సుమా, మేలో సాయంకాలపు గాలివానకు మాది ఒకసారి పక్కింటి వేపచెట్టు మీద తేలింది.

ఇవన్నీ ప్రయాణం రోజు పొద్దున చేసేవి కావు. వారం ముందే పెట్టి, ఇంట్లో ఉంటూనే మూడు రోజులు నీళ్ళు పోయకుండా చూడండి. ఏ కుండీ తట్టుకోవడం లేదో అప్పుడే తెలిసిపోతుంది. మా ఇంట్లో గులాబీలు తట్టుకోలేదు, వాటిని తీసుకెళ్ళి మెట్ల కింద పెట్టాను. అంత నీడలో పూయకపోయినా బతికాయి.

ఒక్కో మొక్క గురించి రెండు మాటలు. బచ్చలి, గోంగూర ఎండకు జంకవు. తోటకూరను కోసి వండేసుకుని వెళ్ళండి. బెండకాయలు లేతవి కూడా కోసేయండి, ముదిరేదాకా చెట్టున వదిలేస్తే కొత్త పూత తగ్గిపోతుంది. టమోటా మీద ఆశ పెట్టుకోవద్దు, పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, మన ఊళ్ళలో మే నెలంతా ఆ పైనే. మందారానికి పిండినల్లి ఉందేమో వారం ముందే ఆకులు తిప్పి చూడండి. ఉంటే నీళ్ళు జోరుగా కొట్టి కడిగి, సాయంత్రం లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్ళు కలిపి పిచికారీ చేయండి. చూడకుండా వెళ్తే వారంలో చెట్టంతా తెల్లగా అవుతుంది. వెళ్ళే ముందు ఎరువులు వేయకండి, కొమ్మలు గట్టిగా కత్తిరించకండి.

మల్లె మాటే వేరు. మేలో నిండుగా పూస్తుంది, ఆ వారమే మనం ఉండం. ఇక్కడ నాకొక ఉపాయం దొరికింది. ఎదురింటి అక్కతో "నీళ్ళు పోయండి" అనడం మానేసి, "సాయంత్రం పైకొచ్చి పూలు మీరే కోసుకోండి, మొగ్గ వదలొద్దు" అన్నాను. ఆవిడ రోజూ వచ్చింది. పూలు కోసుకుంటూ బకెట్లు చూసింది, తగ్గినవి నింపింది. నీళ్ళ కోసం రమ్మంటే మొహమాటానికి వస్తారు, మల్లెపూలకైతే ఇష్టంగా వస్తారు.

నీళ్ళ గురించి ఒక హెచ్చరిక. తీరం దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అది ఉప్పే. పిడతల రంధ్రాలు కూడా దానితో మూసుకుపోతాయి, ఏడాదికోసారి బయటికి తీసి నానబెట్టి కొబ్బరి పీచుతో రుద్దాలి. తాగే నీటి యంత్రం వదిలే నీళ్ళు ఇంకా ఉప్పగా ఉంటాయి, అవి మొక్కలకు వద్దు. బియ్యం కడిగిన నీళ్ళు హాయిగా పోయొచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నన్నడిగితే తెలిసినవాళ్ళ తోట ఏదైనా ఉంటే అక్కడికే వెళ్ళండి. ఉలవపాడులో మా వారం ఎలా గడిచిందో చెప్తాను, మీరే చూడండి. తెల్లవారకముందే పిల్లలు తాత వెనకాల తోటలోకి. చిక్కంతో కాయ కోయడం, తొడిమ కొంచెం ఉంచి కోయడం, సొన చర్మానికి తగలకుండా కాయను వంచి పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నారు. సొన తగిలితే ఒళ్ళు కాలి మచ్చ పడుతుంది, మా చిన్నాడికి బుగ్గ మీద పడింది కూడా. ఎనిమిదింటికి పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ, ఊరమిరపకాయ. పది దాటాక ఎవరూ ఎండలోకి పోకూడదని బాబాయి ఆజ్ఞ. చెట్ల కింద నులక మంచాలు. మధ్యాహ్నం పిన్ని పుల్ల మామిడికాయ వేసి పెట్టిన చేపల పులుసు. నెల్లూరు వాళ్ళకు ఆ పులుసు గురించి నేను చెప్పేదేముంది!

మధ్యాహ్నం పూట అందరూ ఎదురుచూసేది గాలి కోసం. పొద్దుటి నుంచి పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. ఏదో ఒక వేళకు ఆకులు కదలడం ఆగిపోయి, ఒక్క క్షణం అంతా నిశ్శబ్దమై, తర్వాత తూర్పు నుంచి చల్లగా వస్తుంది. "గాలి తిరిగింది" అని పిన్ని వాకిట్లోంచే కేకేస్తుంది. ఆ మాట వినగానే మంచం మీద అటు తిరిగి పడుకుంటే వచ్చే నిద్ర నాకు ఇంకెక్కడా రాలేదు. తిరగని రోజులూ ఉంటాయి, అలాంటి రోజున తడిపిన గోనెపట్టాలు కిటికీలకు కట్టడమే గతి. సాయంత్రం తాటి ముంజలు. రాత్రి వరిగడ్డిలో మగ్గబెట్టిన పండ్ల వాసన మధ్య పడక. వారంలో నేను ఫోన్ చూసింది చాలా తక్కువ. నా మొక్కలు గుర్తొచ్చాయి గానీ, ఆ గుర్తు గుండెను పిండలేదు.

తోట అందుబాటులో లేకపోతే మీకు మైపాడు సముద్ర తీరం 25 కిలోమీటర్లే. సూర్యోదయానికి చేరి, తొమ్మిది లోపు తిరుగు ముఖం పట్టండి. మన తీరంలో అలలు లోపలికి లాగుతాయి, పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. కొండ చల్లదనం కావాలంటే పెంచలకోన. చుట్టూ అడవి, కొండ, నరసింహస్వామి గుడి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు జనం బాగా ఉంటారు, ప్రశాంతత కోసమైతే ఆ రోజులు తప్పించండి. మా వైపు సి.ఎస్.పురం మండలంలోని భైరవకోన నాకు చాలా ఇష్టం. ఒకే కొండలో తొలిచిన 8 గుహాలయాలు, పక్కనే జలపాతం. వేసవిలో ధార సన్నబడుతుంది గానీ గుహల్లో కూర్చుంటే రాయి చల్లదనం ఒంటికి ఎక్కుతుంది. ఉదయగిరి కోట, నేలపట్టు పక్షులు మేలో వద్దు. కోట ఎక్కాలన్నా, గూడబాతుల్ని చూడాలన్నా చలికాలమే.

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు కదా, మే 25 నుంచి జూన్ 8 దాకా ఉండే ఆ రోజుల్లో ఇల్లు వదలకండి, ఎన్ని కుండలు పాతినా నమ్మకం ఉండదు. మే మొదటి పది రోజుల్లో వెళ్ళొచ్చేయండి. తిరిగొచ్చాక వడిలిన మొక్కలు కనబడితే కంగారుపడి మధ్యాహ్నమే నీళ్ళు కుమ్మరించకండి. నీడకు జరిపి, పొద్దు వాలాక కొంచెం కొంచెంగా పోయండి. ఆకు వాలినా కాండాన్ని గోటితో గీస్తే పచ్చగా కనబడితే ప్రాణం ఉన్నట్టే.

పిడతలు కొనేటప్పుడు రంగు పూసినవి, నున్నగా మెరిసేవి తీసుకోకండి. కొట్టు దగ్గరే నీళ్ళు పోసి అరగంట ఆగండి. బయట వైపు చెమ్మ పట్టి చేతికి చల్లగా తగిలితే అదే మీకు కావలసింది.