బోరు నీళ్లలో కందిపప్పు ఉడకడం లేదు, పప్పుచారు చిక్కగా రావాలంటే?

హనుమకొండలో బోరు నీళ్లతో వండుతున్నామని, ఎన్ని విజిళ్లు వచ్చినా పప్పు పలుకుగానే ఉంటోందని అడిగారు. తప్పు పప్పుది కాకపోవచ్చు. బోరు నీళ్లు తరచూ కఠిన జలమే, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లు; వాటిలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను, అంటే కణాలను పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థాన్ని, బిగించేస్తుంది. చింతపండు ముందే వేస్తే ఆ పులుపూ పప్పును మెత్తబడనివ్వదు. అందుకే ఆర్‌వో ఫిల్టర్ నీళ్లలో అరగంట నానబెట్టి, కప్పు పప్పుకు 3 కప్పుల ఆర్‌వో నీళ్లే పోసి, పసుపు మాత్రమే వేసి ఉడికించండి. వేళ్ల మధ్య నొక్కితే గింజ వెన్నలా జారిపోవాలి. అప్పుడు పప్పుగుత్తితో మెదిపి, నిమ్మకాయంత చింతపండు రసం, విడిగా ఉడికించిన మునక్కాడ ముక్కలు, ఉప్పు వేసి పావుగంట మరగనివ్వండి. చివరన ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు పోపు. పలుచబడిందని శనగపిండి మాత్రం కలపకండి, ఆ వాసన కందిపప్పు కమ్మదనాన్ని మింగేస్తుంది. మెదిపిన పప్పు ఒక గరిటెడు ముందే పక్కన ఉంచుకుని, పలుచబడితే అది కలిపితే చాలు.

ఎండాకాలం పొయ్యి వెలిగించాలనిపించనప్పుడు పెసరపప్పు గంటసేపు నానబెట్టండి, గోటితో గిల్లితే తెగాలి. కీరదోస ముక్కలు, పచ్చిమామిడి కోరు, కొబ్బరి, కొత్తిమీర కలిపితే శ్రీరామనవమి వడపప్పు రుచే. ఉప్పు తినే ముందే వేయండి, లేదంటే కీర నీరు వదిలి గిన్నె అడుగున చేరుతుంది.