లాక్టులోజ్ సిరప్ తియ్యగా ఉందని షుగర్ ఉన్నవాళ్లు మానేయాలా?

మీ నాన్నగారికి మలబద్ధకానికి డాక్టర్ లాక్టులోజ్ సిరప్ రాశారనీ, తియ్యగా ఉంది, షుగర్ పెరుగుతుందని ఆయన తాగడం లేదనీ రాశారు. మాది కడప. మా నాయనకూ ఇదే అనుమానం. నోట్లో పోసుకోగానే "ఇది ఉత్త పాకం కదబ్బా!" అన్నాడు.

లాక్టులోజ్ తియ్యగా ఉన్నా మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు. అందుకే అది దాదాపుగా రక్తంలోకి చేరకుండా పెద్దపేగుకు పోయి, నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. సిరప్‌లో వేరే చక్కెరలు కొద్దిగా ఉంటాయి కానీ, మలబద్ధకానికి రాసే మామూలు డోసుతో షుగర్ పెద్దగా కదలదు. లివర్ జబ్బుకు వాడే పెద్ద డోసైతే గమనించుకోవాలి. మొదట్లో గ్యాస్, ఉబ్బరం ఉంటాయి. పని చేయడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, ఆ పూటే కాలేదని డోసు పెంచకండి. మా నాయన నా మాట నమ్మలేదు, గ్లూకోమీటర్‌ను నమ్మాడు. మీరూ సిరప్‌కు ముందు కొన్నాళ్లు, తర్వాత కొన్నాళ్లు పరగడుపున చూసి రాసిపెట్టుకోండి.

నన్నడిగితే భయపడాల్సింది మలబద్ధకానికే వాడే ఆరెంజ్ రుచి ఇసబ్గోల్ (ఒక రకం గింజల పొట్టు) పొడికి. కొన్నిటిలో పొట్టు కంటే చక్కెరే ఎక్కువ. డబ్బా వెనక చదివి, చక్కెర లేనిదో ఉత్త పొట్టో కొనండి. ఇరుగుపొరుగు ప్రేమగా చెప్పే గుల్‌కంద్ (చక్కెరలో ఊరేసిన గులాబీ రేకులు), తేనె నీళ్లు కూడా షుగర్ పెంచేవే. వాటిని మాత్రం ఎవరూ అనుమానించరు!

భోజనం తర్వాత పెరిగే షుగర్‌ను ఉత్త ఇసబ్గోల్ కాస్త తగ్గిస్తుంది కూడా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దీన్ని కొత్తగా మొదలుపెడితే షుగర్ పడిపోతుందేమో చూసుకోవాలి. గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

షుగర్ అదుపులో లేకపోతే మూత్రం ఎక్కువగా పోయి ఒళ్లు ఎండుతుంది, మలం గట్టిపడుతుంది. మన మే నెల ఎండల్లో చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పేగుల నరాలు కూడా మందగిస్తాయి.

కిడ్నీ సమస్య ఉంటే మెగ్నీషియం ఉన్న విరేచనాల మందు డాక్టర్‌ను అడగకుండా వద్దు. మలంలో రక్తం, వాంతులు, పొట్ట ఉబ్బి నొప్పి ఉంటే సిరప్‌తో కాలయాపన చేయకండి. ఇంతకీ మీ నాన్నగారు ఈ మధ్య ఐరన్, క్యాల్షియం మాత్రలేమైనా మొదలుపెట్టారా? అవి కూడా మలబద్ధకం తెస్తాయి.