స్వాతికి, క్యాంపస్ సెలక్షన్ల గురించి

అమ్మా స్వాతీ,

ఆశీస్సులు. హైదరాబాద్ రాయదుర్గంలోని మీ ఆఫీసుకు ఈ ఏడాది 8 మంది ఫ్రెషర్లు కావాలనీ, వాళ్లు రెండేళ్లలో టీమును నడిపే స్థాయికి రావాలనీ రాశావు. అలాంటి పిల్లలు మన కాలేజీల్లో ఉన్నారు. మనం పెట్టే వడపోతలోనే వాళ్లు జారిపోతున్నారు.

ముందు ఆ వడపోత సంగతి చూడు. మొదటి ఏడాది నుంచీ ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) కూడా ఉండకూడదని రాస్తే, విద్యార్థులే బండి తయారుచేసి నడిపే బాహా పోటీ కోసం వర్క్‌షాపులో రాత్రులు గడిపిన పిల్లవాడు మొదటి మెట్టులోనే పోతాడు. ప్రస్తుతం బ్యాక్‌లాగ్ లేకపోతే చాలని రాయి. ప్లేస్‌మెంట్ ఆఫీసరు పాత ఫార్మాటే పంపేస్తారు కాబట్టి ఈ ఒక్క మాట ఫోన్ చేసి మరీ చెప్పు.

ఫోర్-వన్, అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టరు, మొదలయ్యాక ఆగస్టులో వెళ్తే పెద్ద కంపెనీల వెనక క్యూలో నిలబడాలి. త్రీ-టూ (మూడో ఏడాది రెండో సెమిస్టరు) నడుస్తుండగా, ఫిబ్రవరి మార్చిలోనే వెళ్లి వేసవికి 6 నుంచి 8 వారాల ఇంటర్న్‌షిప్ ఇవ్వు. అన్ని కాలేజీలూ తిరగొద్దు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, సీబీఐటీ, వాసవి, వీఎన్ఆర్ వంటి వాటిలో మూడు ఎంచుకుని మూడేళ్లపాటు వాటికే వెళ్లు. ఏ సారు దగ్గర పిల్లలు నిజంగా పని నేర్చుకుంటారో రెండో ఏడాదికి గానీ తెలియదు.

'లీడర్‌షిప్ ట్రైనింగ్' అని రెజ్యూమెలో ఉంటే దానిలో మూడు సంగతులు వెతుకు. చేతిలో నిజమైన డబ్బు ఉందా, కింద నిజమైన మనుషులు ఉన్నారా, తప్పు జరిగితే అడిగేవారు ఉన్నారా. రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్‌కు ఈ మూడూ ఉండవు, దానికి మార్కు వేయకు. ఎన్ఎస్ఎస్‌లో (జాతీయ సేవా పథకంలో) రెండేళ్లు, ఏడాదికి 120 గంటల చొప్పున చేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా నడిపించిన వాలంటీరుకు వేయి. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అనే జాతీయ స్థాయి విద్యార్థుల పోటీలో, టీములో ఆరుగురు ఉండాలి, కనీసం ఒక అమ్మాయి తప్పనిసరి. ఈ నిబంధన కోసమే పేరు చేర్చిన అమ్మాయిలూ ఉంటారు, పనంతా తామే మోసినా ముందుకు రాని అమ్మాయిలూ ఉంటారు. అందుకే ఏ భాగం ఎవరు చేశారో ఒక్కొక్కరినీ విడిగా అడుగు.

గ్రూప్ డిస్కషన్ తీసెయ్. అందులో నెగ్గేది గొంతు. ఇంగ్లీషులో తడబడే జిల్లా పిల్లలు అక్కడే ఆగిపోతారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. దాని బదులు ఆరుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి 90 నిమిషాల పని ఇవ్వు. ఎనిమిది మంది దాటితే రెండు ముఠాలవుతాయి, నలుగురికి తగ్గితే ఒకరే అంతా చేసేస్తారు. పని ఇలాంటిది: టెక్ ఫెస్ట్‌కు వచ్చే 400 మందికి భోజనం కూపన్లు, చేతిలో 40,000 రూపాయలు, రెండే కౌంటర్లు. కొన్ని వివరాలు కావాలనే దాచు, ఎవరు అడుగుతారో చూడాలి. 40వ నిమిషంలో డబ్బు 28,000కు తగ్గిందని చెప్పు. చూడాల్సింది ఆ తర్వాతి పది నిమిషాలే. ఒకడు మార్కర్ లాక్కుని బోర్డు ముందు నిలబడతాడు. ఇంకొకడు కుర్చీ వెనక్కి జరిపి, మూల కూర్చున్న అమ్మాయి కాగితం మీద వేసిన లెక్క చూసి, 'నువ్వు తలకు డెబ్బై వేశావు కదా, అది అందరికీ చెప్పు' అంటాడు. నీకు కావాల్సింది ఈ రెండోవాడు. ఆ అమ్మాయినీ వదలకు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వు.

ఇద్దరు పరిశీలకులు చాలు. 'ఆత్మవిశ్వాసం ఉంది' లాంటి అభిప్రాయాలు రాయొద్దను. ఏ నిమిషంలో ఎవరు ఏం చేశారో మాత్రమే రాయాలి. మార్కులు వేసి కాగితాలు నీకిచ్చాకే మాట్లాడుకోవాలి, లేకపోతే సీనియర్ మాటే అందరి మాటవుతుంది.

ఇంటర్వ్యూకు రెండు ప్రశ్నలు ఉంచుకో. టీములో పని ఎగ్గొట్టినవాడితో ఏం చేశావు? నువ్వు దిగిపోయాక ఆ పని ఎవరికి అప్పగించావు, ఏం రాసిచ్చావు? రెండోదానికి చాలామంది ఆగిపోతారు. ఖర్చుల షీటు, వెండర్ల ఫోన్ నంబర్లు, నిరుడు ఎక్కడ దెబ్బతిన్నామో రాసిన కాగితం జూనియర్లకు ఇచ్చి వచ్చానని చెప్పినవాళ్లను, ఆ షీటు ఫోన్‌లో తెరిచి చూపించమను. తేదీలు, బిల్లులు అతికాయో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆగస్టులో ఆఫర్ ఇచ్చి జూన్‌లో చేర్చుకుంటే మధ్యలో పది నెలలు. ఆ ఖాళీలో ఇంకో ఆఫర్ వస్తుంది. బాండు రాయించుకుంటే ఆగరు. నెలకోసారి వాళ్ల టీమ్ లీడ్‌తోనే ఫోన్ చేయించు. ఫోర్-టూలో ప్రాజెక్టు తప్ప పెద్దగా క్లాసులు ఉండవు, జనవరి నుంచే మీ దగ్గర ప్రాజెక్టు చేసేలా కాలేజీతో మాట్లాడు.

చేరిన మొదటి రోజే 'లీడర్‌షిప్ బ్యాచ్' అని పేరు పెట్టకు, జీతం వేరుగా వేయకు. పక్కనున్న ఫ్రెషర్లు దూరమైతే వాళ్లు ఎవరినీ నడపలేరు. మూడో నెలలో ఒక చిన్న రిలీజ్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల) పూర్తిగా వాళ్ల చేతికివ్వు.

తీసుకోనివాళ్లకు కూడా వారం లోపు జవాబివ్వు, కారణం ఒక్క వాక్యంలోనైనా రాయి. ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు పంపే మెయిల్ ముసాయిదా తయారుచేసి నాకు చూపించు, ఆదివారం కూర్చుని దిద్ది ఇస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న