కంప్యూటర్ సందేహాలు: రెండు కార్డులకు ఒక్క రేడియేటర్ చాలుతుందా?

ప్రశ్న: మా గది మేడ మీద, స్లాబుకు నేరుగా ఎండ. 4కే మానిటర్ మీద ఆడటానికి రెండు ఆర్‌టీఎక్స్ 2080 టీఐ గ్రాఫిక్స్ కార్డులను ఎన్‌వీలింక్ బ్రిడ్జితో కలిపాను. కింది కార్డు 72 డిగ్రీల దగ్గర ఆగుతోంది గానీ పైది 85కి పోయి వేగం పడిపోతోంది. వాటర్ కూలింగ్‌కి 360 ఎంఎం రేడియేటర్ ఒకటి చాలుతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చాలదు. పై కార్డు కింది కార్డు వదిలిన వేడి గాలినే పీల్చుకుంటోంది, అదీ జబ్బు. నీళ్లతో అది నయమవుతుంది. కానీ డబ్బు పెట్టేముందు మీరు ఆడే గేముల్లో ఎస్ఎల్ఐ (రెండు కార్డులను కలిపి పనిచేయించే పద్ధతి) ఆపేసి సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూడండి. 2021 జనవరి నుంచి ఎన్విడియా ఈ కార్డులకు కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు (గేము వారీ సెట్టింగులు) ఇవ్వడం లేదు. తేడా రాకపోతే రెండో కార్డు తీసేయడమే చవకైన కూలింగ్.

తేడా ఉందంటే లెక్క ఇదీ. కార్డుకు 250 వాట్లు, ప్రాసెసర్‌కు 125 అనుకుంటే మొత్తం 625. ఒక్కో 120 ఎంఎం ఫ్యాను మేరకు 100 వాట్లు వేసుకోండి. 360 రేడియేటర్‌కు మూడు ఫ్యాన్లు, కాబట్టి దాదాపు రెండు 360 రేడియేటర్లు కావాలి. చల్లటి ఊళ్లలో 150 దాకా లాగేవాళ్లున్నారు, మన మే నెలలో అది నడవదు. నీళ్లు గది గాలికన్నా చల్లబడవు కదా. గది 40 డిగ్రీలుంటే లూపులో (పంపు, గొట్టాలు, రేడియేటర్ కలిసిన నీటి చుట్టు) నీళ్లు 50 అవుతాయి. ఇలాంటి లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకు హద్దు 60, పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడేదీ ఆ దరిదాపుల్లోనే. ఈపీడీఎం రబ్బరు గొట్టమే తీసుకోండి. ఆ 625 వాట్లు చివరికి మీ గదిలోకే వస్తాయి. టన్ను ఏసీ తీసేది సుమారు 3,500 వాట్లు. అందులో ఆరో వంతు మీ కంప్యూటర్‌కే పోతుంది.

బ్లాకు (చిప్పు మీద కూర్చుని నీళ్లకు వేడినిచ్చే లోహపు పలక) మీ కార్డు బోర్డుకు సరిపోయేదేనా అని చూసి కొనండి. థర్మల్ ప్యాడ్లు (వేడిని బ్లాకుకు చేర్చే మెత్తటి పట్టీలు) మాన్యువల్ చెప్పిన మందంలోనే ఉండాలి. 0.5 ఎంఎం చోట 1 ఎంఎం పెడితే బ్లాకు చిప్పుకు ఆనదు. నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, కార్డు మాత్రం కాలిపోతుంటుంది. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

రాగి బ్లాకులతో అల్యూమినియం రేడియేటర్ కలపొద్దు, తుప్పు పడుతుంది. నింపడానికి లీటరుకు అటూ ఇటూగా పడుతుంది, రెండు లీటర్ల రెడీమేడ్ కూలెంట్ తెచ్చుకోండి. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు, చాలామంది అడిగే ఏసీ నుంచి కారే నీళ్లు, ఏవీ పనికిరావు.

లీకు ఎక్కువగా రెండు కార్డుల బ్లాకులను కలిపే టెర్మినల్ దగ్గరే వస్తుంది. కార్డులు వెంట్రుకవాసి వంకర ఉన్నా అక్కడి ఓరింగ్ (లీకును ఆపే రబ్బరు వలయం) మడతపడుతుంది. మదర్‌బోర్డు, కార్డుల కేబుళ్లన్నీ పీకేసి, పవర్ సప్లైకి జంపర్ (మదర్‌బోర్డు లేకుండా ఆన్ చేసే చిన్న ప్లగ్గు) పెట్టి పంపు ఒక్కదాన్నే 24 గంటలు తిప్పండి. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపర్ పరవండి. మచ్చ పడితే చాలు, ఆపి నీళ్లు తీసేసి మళ్లీ బిగించాలి.

ప్రశ్న: లూపు నింపాక పంపు గరగరమంటోంది. పాడైందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చాలావరకు గాలే. పంపు ఆపి క్యాబినెట్‌ను నాలుగు వైపులా మెల్లగా వంచండి, మళ్లీ వేసి చూడండి. రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే కూలెంట్ పోయండి. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా తిప్పకండి, ఆ బేరింగుకు నూనె నీళ్లే.