న్యాయవాద ప్రాక్టీసు ఆపి, మళ్లీ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: అనంతపురం కోర్టుల్లో కొన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. కడపలోని ఒక ప్రైవేటు సంస్థ న్యాయ విభాగంలో నాకు పూర్తికాలపు ఉద్యోగం వచ్చింది. తర్వాత మళ్లీ కోర్టుకే రావాలని ఉంది. బార్ కౌన్సిల్‌కు చెబితే ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా పేరు నమోదు) పోతుందేమోనని భయం. చెప్పకుండా ఊరుకోమని తోటివారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: ఊరుకోవద్దమ్మా. మీ తోటివారి సలహా మీ మేలు కోరి ఇచ్చిందే అయినా, మిమ్మల్ని చిక్కుల్లో పడేసేది అదే. జీతంపై పూర్తికాలపు ఉద్యోగంలో చేరిన న్యాయవాది ఆ సంగతిని తన పేరు నమోదైన బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలనీ, ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు చేయకూడదనీ భారత బార్ కౌన్సిల్ 49వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. దాచిపెట్టి ఉద్యోగం చేస్తూ వకాల్తా (కక్షిదారు తరఫున వాదించేందుకు ఇచ్చే అధికారపత్రం) దాఖలు చేస్తే, అది 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ చర్యకు దారితీయవచ్చు. మీరు భయపడాల్సింది దానికే.

స్వచ్ఛందంగా ప్రాక్టీసు ఆపుకోవడం శిక్ష కాదు. మీ ఎన్‌రోల్‌మెంట్ రద్దు కాదు. కారణం తెలుపుతూ రాసిన లేఖకు అసలు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ జతచేసి, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో (2025 సెప్టెంబరు నుంచి ఇది స్పీడ్ పోస్టులో కలిసింది) పంపాలి. పంపేముందు సర్టిఫికెట్ నకళ్లు తీయించుకోండి. పోస్టు రసీదునూ, అందినట్లు వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్‌నూ భద్రపరచండి, ఎందుకంటే ఏ తేదీ నుంచి ఆపారన్న ప్రశ్న తర్వాత ఎప్పుడైనా తలెత్తితే మీ చేతిలో ఉండే ఆధారం అవే. అంతకుముందే మీ చేతిలోని కేసుల కక్షిదారులకు విషయం చెప్పి, వారు మరొక న్యాయవాదిని పెట్టుకోవడానికి మీ అభ్యంతరం లేదని రాసివ్వండి. వాయిదా రోజున కక్షిదారు దిక్కుతోచక నిలబడే పరిస్థితి మీ వల్ల రాకూడదు. స్థానిక బార్ అసోసియేషన్ సభ్యత్వం, న్యాయవాదుల సంక్షేమ నిధి సభ్యత్వం వేరు వేరు విషయాలు కనుక వాటి గురించి విడిగా రాసి అడగండి.

తిరిగి రావాలనుకున్నప్పుడు బార్ కౌన్సిల్ కార్యదర్శికి దరఖాస్తు చేసుకోవాలి. ప్రాక్టీసు ఆపిన కాలంలో న్యాయవాదుల చట్టం 24ఏ సెక్షన్‌లో చెప్పిన అనర్హతలు, అంటే నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడటం వంటివి, మీకు కలిగాయో లేదో తెలుపుతూ అఫిడవిట్ జతచేయాలి. ఎన్‌రోల్‌మెంట్ కమిటీ అనుమతిస్తే, సర్టిఫికెట్‌పై ఆ మేరకు నమోదు చేసి మీకు తిరిగి ఇస్తుంది. ఆ ఉత్తర్వు అందేదాకా గౌను వేసుకోవద్దు, వకాల్తాపై సంతకం చేయవద్దు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన హక్కు తిరిగి రాదు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసే ఉద్దేశం ఉంటే మరొకటి ఆలోచించుకోండి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను పునరుద్ధరించింది. ప్రాక్టీసు ఆపిన కాలాన్ని అందులో కలుపుకోవచ్చని అనుకోవద్దు. ఇప్పటికే మూడేళ్లు నిండి ఉంటే, దానికి సంబంధించిన ధ్రువపత్రాన్ని అనంతపురం వదలకముందే తీసుకోండి.